లూదియా బావి

కొత్త మనిషి కనబడితే నంద్యాలలో ముందు ఏ వీధివాళ్లని అడుగుతారు. బండమీదిపల్లె పేటలో అడగరు, నోరు చూస్తారు. నవ్వినప్పుడు పండ్ల మీద పసుపు, గోధుమ చారలు అడ్డంగా కనబడితే ఆ మనిషి పేటలోనే పుట్టినట్టు. తెల్లగా ఉంటే బయటినుంచి వచ్చినట్టు. 1953లో, కర్నూలు రాజధాని అయిందని అందరూ సంబరపడుతున్న రోజుల్లో, మిషను బడికి టీచరుగా నేను ఆ పేటకు వెళ్లాను. ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో బస్సు దిగి, పొలం గట్ల మీద నడిచి, నెత్తిమీది పెట్టె దించుకున్నానో లేదో, ఒక ముసలామె నా నోట్లోకి తొంగిచూసి, "బయటి పండ్లు. శానా దినాలుండదులే ఈయమ్మ" అని తీర్పు చెప్పేసింది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద పంతానికే అక్కడ ఏడేళ్లున్నానని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఆ రోజు చెంబెడు మజ్జిగ తెచ్చిచ్చి నా ఎదుట నవ్విన మనిషి లూదియా. ఆమె పండ్లూ నావిలాగే తెల్లగా ఉన్నాయి.

"ఈ పేటలో మనిద్దరివే ఇట్లుండేది టీచరమ్మా. నాది మహానంది పక్క. ఆడి నీళ్లతో పెరిగిన పండ్లు ఇవి" అంది.

అప్పటికి ఆమెకు నలభై దాటి ఉండవచ్చు. పొడగరి. కానీ పక్కకు చూడాలంటే మెడ తిప్పేది కాదు, మనిషి మొత్తం తిరిగేది. కింద కూర్చోవాలంటే గోడ పట్టుకుని, మోకాళ్లను బతిమాలుకుంటూ దిగేది. అందరూ వాతం అనేవారు. పేటలో ఆ వయసు దాటిన వాళ్లలో సగం మంది అలాగే ఉండేవారు కాబట్టి అదొక జబ్బని కూడా ఎవరూ అనుకోలేదు. వయసు మీదపడితే నడుము వంగదా అనేవారు. నలభై ఏళ్లకు వయసు మీదపడటమేమిటని నేను అడిగితే, టీచరమ్మకు అన్నీ అనుమానాలే అని నవ్వేవారు.

ఆమె భర్త మోషే బావులు తవ్వేవాడు. చుట్టుపక్కల ఎవరికి బావి కావాలన్నా గడ్డపార, సమ్మెట భుజాన వేసుకుని వెళ్లి, పని అయ్యేదాకా నెలల తరబడి అక్కడే ఉండేవాడు. పేటలో ఎవరైనా చనిపోతే గుంత తవ్వేదీ అతనే. మాట చాలా తక్కువ. "ఆయప్పకు మన్నుతో తప్ప మనుషులతో మాట్లాడేది రాదు" అని లూదియా ఆటపట్టించేది. అతను తల వంచుకుని ముసిముసిగా నవ్వేవాడు, అంతే.

పేట నడుమ ఉన్న లోతైన బావిని లూదియా బావి అనేవారు. ఆ కథ ఆమే చెప్పింది. ఆమె కొత్తకోడలిగా వచ్చిననాడు పేటకు బావి లేదు. ఊరిబావి దగ్గర గోడకు ఇవతల కడవ పెట్టుకుని నిలబడాలి. ఊళ్లోవాళ్లు ఎవరైనా తీరిక చేసుకుని, పైనుంచి నీళ్లు వంచాలి. కమలాక్షమ్మ అని పెద్దింటి ఆడమనిషి ఉండేది. చెడ్డదేమీ కాదట, కానీ ఆమెకు మాటలెక్కువ. మాట్లాడుతూ మాట్లాడుతూ మరిచిపోయేది. ఒకనాడు పొద్దున నిలబడిన లూదియా మిట్టమధ్యాహ్నం దాకా ఆ ఎండలో నిలబడి, కళ్లు తిరిగి పడిపోయింది. కడుపులో ఉన్న బిడ్డ పోయింది. తరవాత మళ్లీ పిల్లలు కలగలేదు.

"ఆ దినం ఆయప్ప ఒక్క మాట అన్లేదు. తెల్లారి లేసి చూస్తే, వాకిట్లో గడ్డపార పట్టుకోని తవ్వతాండాడు" అంది లూదియా. "అడుగున బండ పడింది. అందరూ ఇడిసిపెట్టు మోషే అనిరి. మందు పెట్టి పేల్చినాడు, సమ్మెటతో కొట్టినాడు. రెండు ఎండాకాలాలు పోయినాక నీళ్లు పడె. మొదటి బొక్కెన నా చేతికే ఇచ్చినాడు టీచరమ్మా. ఎంత తియ్యగా ఉన్నాయనుకున్నావు!"

నిజంగానే ఆ నీళ్లు తేటగా ఉండేవి. కరువు సంవత్సరాల్లో ఊరిబావి అడుగంటినా అది ఎండలేదట. పేటవాళ్లకు అది నీళ్ల బావి మాత్రమే కాదు. ఇక ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదని చెప్పే బావి. ఆ గర్వం వాళ్ల ముఖాల్లో చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది.

నేను వెళ్లిన మొదటి ఏడాదే సంజీవయ్య అనే ముసలాయన చనిపోయాడు. నడుము దగ్గర రెండుగా మడిచినట్టు వంగిపోయి, ఏళ్ల తరబడి మంచంలో ఉన్న మనిషి. నేను దుప్పటి తీసుకుని వెళ్లేసరికి ఆడవాళ్లందరినీ బయటికి పంపించి తలుపు మూశారు. మోషే, ఇంకో ఇద్దరు మగవాళ్లు, సంఘపెద్ద జయరాజు లోపల ఉన్నారు.

"ఏం చేస్తున్నారు?" అని లూదియాను అడిగాను.

"సాపు చేస్తాండారు" అంది. అని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

లోపలినుంచి ఒక చప్పుడు వినిపించింది. ఎండు కట్టె విరిచినప్పుడు వచ్చే చప్పుడు. మళ్లీ ఇంకొకటి. తరవాత తలుపు తెరిచారు. సంజీవయ్య నిటారుగా, కాళ్లు బారచాపుకుని, చాప మీద పడుకుని ఉన్నాడు. బతికుండగా అంత పొడుగు మనిషని నేను ఎన్నడూ అనుకోలేదు.

కడ బూర మోగిన రోజున చనిపోయినవాళ్లందరూ తూర్పుకు తిరిగి లేచి నిలబడతారని ఆ సంఘం నమ్మకం. ఆ నమ్మకం నాదీ. అయితే వంకరగా పూడిస్తే వంకరగానే లేస్తారన్నది మాత్రం ఆ పేటవాళ్లు సొంతంగా చేర్చుకున్న మాట. ఏ గురువూ చెప్పింది కాదు. వంగిపోయినవాళ్లు అంతమంది ఉన్నచోట అలాంటి భయం పుట్టడంలో వింతలేదు. నేను ఊరుకోలేక జయరాజుతో పోట్లాడాను.

"దేవుడికి మట్టినుంచి మనిషిని లేపడం చేతనవుతుంది గానీ నడుము సరిచేయడం చేతకాదా?" అన్నాను.

"నువ్వు చిన్నదానివి టీచరమ్మా. మా పెద్దోళ్లు చేసినట్టు మేం చేస్తాండాం. మావాళ్లు దేవుని ముందర కూడా వంగి నిలబడల్లనా?" అన్నాడు ఆయన. జయరాజు మొండివాడే గానీ కఠినుడు కాదు.

ఆ సాయంత్రం లూదియా నా గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది.

"మా అత్తను సాపు చేసినప్పుడూ ఇన్నా ఆ సప్పుడు" అంది. "నాకు సావంటే భయంలేదు. అదొక్కటే భయం."

అప్పటినుంచి ఆమె వంగడం నేను రోజూ చూస్తూ వచ్చాను. మొదట చేతులు తలదాకా లేవడం మానేశాయి. జడ వేసుకోలేక నా దగ్గరికి వచ్చేది. పాదాలు తిమ్మిర్లెక్కుతున్నాయనేది. మిషను గుళ్లో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. ఇప్పుడు సగం పాటకే ఊపిరి అందక ఆగేది, రొమ్ము ఎగసేది కాదు. వావిలాకు కాచి పోశారు. ఆముదం తాగించారు. కషాయాలు కాచి ఇచ్చారు. అన్నిటికీ అదే బావి నీళ్లు. చివరికి గడ్డం రొమ్ముకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుపోయి, నులకమంచం మీద ఒక పక్కకే పడుకునే స్థితికి వచ్చింది. మోషే ఊళ్లమీద పనులు మానేసి, ఇంట్లోనే ఉండిపోయాడు. ఆమె కళ్లు నేలను తప్ప చూడలేవు కాబట్టి అతను నేలమీద కూర్చుని మాట్లాడేవాడు. మాటలు రావన్న మనిషి ఆ ఏడాది ఎన్ని మాట్లాడాడో!

1956లో నేను పట్టుబట్టి నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాను. బండిలో గడ్డి పరిచి ఆళ్లగడ్డ దాకా, అక్కడినుంచి బస్సులో. ఆమె సీట్లో కూర్చోలేకపోయింది కాబట్టి మోషే బస్సు నేలమీద కూర్చుని ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. కండక్టరు ఏదో గొణిగితే నేను అతన్ని చూసిన చూపుకు దిగేదాకా మళ్లీ నోరెత్తలేదు.

ఆసుపత్రిలో డాక్టరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఎక్సురే తీయించి, ఆ ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. వెన్నుపూసలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, తెల్లటి ఒకే కడ్డీలా కనిపించాయి. ఆయన ఫిల్ము దించి, లూదియాను కాదు, మోషేను అడిగాడు.

"మీ ఊళ్లో పిల్లల పండ్లమీద చారలుంటాయా?"

మోషే నోరు తెరిచి తన పండ్లే చూపించాడు.

"నీళ్లలో ఫ్లోరైడు అని ఒకటి ఉంటుంది. కొంచెం ఉంటే ఫరవాలేదు. ఎక్కువుండి, ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరిపోతుంది. పిల్లలకు పండ్లు చెడతాయి. పెద్దవాళ్లకు కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి, నరాలు నలుగుతాయి. నెల్లూరు వైపు ఇలాంటివి ముందే చూశారు. నీళ్లు పరీక్ష చేయిస్తే గానీ ఖాయంగా చెప్పలేను, కానీ నాకు అనుమానం లేదు. ఏ బావి నీళ్లు మీవి?"

నేనే చెప్పాను, పేటలో లోతు బావి ఒకటుందని.

"రుచికి తెలియదు, రంగుకు తెలియదు. కాచినా పోదు. మీ నేలలోనే ఉంది అది, ఊరిబావిలోనూ కొంత ఉంటుంది, లోతుకు పోయేకొద్దీ ఎక్కువ. ఆ నీళ్లు మాని కాలువ నీళ్లు తాగాలి."

"నేనూ ఆ నీళ్లే తాగితిని గదా సామీ" అన్నాడు మోషే, ఎక్కడో చిన్న ఆశ దొరికినట్టు. "నేను బాగుండానే."

"నువ్వేం పని చేస్తావు?"

"బావులు తవ్వతా. ఏడాదిలో శానా నెలలు ఊర్లమిందనే ఉంటా."

"అందుకే" అన్నాడు డాక్టరు. "ఆమె ఇంట్లోనే ఉంది కదా."

నాకు ఆ డాక్టరు మీద కోపం రాలేదు. ఆయన తప్పేముంది? కానీ ఆ మాట ఆయన నోటినుంచి రాకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. మోషే ఆసుపత్రి మెట్లమీద కూర్చుని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. బిగిసిన ఎముకను తిరిగి వదులు చేసే మందు లేదని, ఇకముందు ఎక్కువ కాకుండా చూసుకోవడమే దారి అని డాక్టరు చెప్పిన మాట అతను విన్నాడో లేదో తెలియదు.

లూదియా విన్నది. అన్నీ విన్నది. తిరుగుదారిలో బండిలో, గడ్డిలో ముఖం పెట్టుకునే పిలిచింది.

"ఓయ్, ఏందీ ఏడుస్తాండావా?"

అతను ముఖం తుడుచుకుని, ఆమె తల కింద గడ్డి సర్దాడు.

"ఆ బావి లేకుంటే ఊరిబావి గోడకాడ నిలబడి నిలబడి యెప్పుడో వంగిపోయుంటి. నువ్వు తవ్వింది నాకోసరం. నేను తాగింది నీకోసరం. దాంట్లో నిన్ను అనేదేముంది?" కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. "ఒకటి మాత్రం అడుగుతా. నేను పోయినాక నన్ను సాపు చేయొద్దు. మాటియ్యి."

మోషే మాట ఇవ్వలేదు. బండి దిగి ఎద్దుల ముందు నడిచాడు. నాకు అతన్ని తిట్టాలనిపించింది. అంత బాధపడుతున్న మనిషి, అడిగిందల్లా ఒక్క మాట!

ఆ మరునాడే కావడి భుజాన వేసుకుని కాలువకు బయలుదేరాడు. మైలున్నర దూరం. రోజూ తెచ్చేవాడు. ఎండాకాలం కాలువ కట్టేస్తే వాగులో ఇసుక తవ్వి, చెలమ నీళ్లు తోడుకొచ్చేవాడు. ఆదివారం గుళ్లో లేచి నిలబడి, ఆ బావి నీళ్లు తాగొద్దని చెప్పాడు. బహుశా అంతమందిలో అతను మాట్లాడటం అదే మొదలు.

"మోషే, నీ పెండ్లాం మింద ప్రేమతో నీకు బుద్ధి తప్పిందప్పా" అన్నాడు జయరాజు. "ఈ బావి మానుకోని యాడికి పోవల్ల? మళ్ల ఆ గోడకాడికా?"

పేటకంతా మైలున్నర దూరం నుంచి నీళ్లు మోసుకురావడం అయ్యే పని కాదని అందరూ అనుకున్నారు. అంటరానితనం నేరమని చట్టం వచ్చిన మాట నిజమే. ఆ చట్టం ఆళ్లగడ్డ దాకా బస్సులో వచ్చి అక్కడే దిగిపోయినట్టుంది. నేను ఒకసారి ఊరిబావికి కడవతో వెళ్లి చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. నేను తోడుకున్నాక బావిని శుద్ధి చేయించారట. పేటవాళ్లు లూదియా బావి నీళ్లే తాగుతూ వచ్చారు.

ఒకనాడు కాలువ దారిలో మోషే ఎదురుపడితే ఉండబట్టలేక అడిగేశాను, ఆ మాట ఎందుకివ్వలేదని. అతను కావడి దించాడు.

"ఎట్ల ఇయ్యమంటావు టీచరమ్మా? అది ఈ పేటకు వచ్చిన దినం ఎట్ల నడిసిందో నువ్వు సూడలేదు. నెత్తిన కడవ పెట్టుకుంటే కడవ కదిలేది కాదు. బూర మోగినప్పుడు అందరూ సక్కగ నిలబడి, అదొక్కతే నేల సూసుకుంటా లేస్తే? నా బావి ఆడిదంకా దాని యెంటబడినట్టు కాదా?"

అప్పటిదాకా అతని మీదున్న నా కోపం ఒక్కసారిగా చల్లారిపోయింది. ఆమెకు నొప్పి అని భయం. అతనికి ఆమె ఎప్పటికీ అలాగే ఉండిపోతుందని భయం. ఇద్దరిలో ఎవరిది తప్పనాలి?

1958 జూన్ నెలలో, తొలివానలు పడిన వారంలో, లూదియా పొద్దునపూట చనిపోయింది. ఆమె నోట్లో చివరగా పోసింది కాలువ నీళ్లే. జయరాజు ఇద్దరు మగవాళ్లతో, వెచ్చచేసిన నూనెతో వచ్చాడు. ఆడవాళ్లు అలవాటు చొప్పున బయటికి వచ్చేశారు. నేను రానన్నాను. మోషే నా వైపు చూశాడు.

"నువ్వూ బయటికి పో టీచరమ్మా" అన్నాడు. ఆ తరవాత జయరాజు వైపు తిరిగి, "నువ్వు గూడా పోన్నా. మీరందరూ పోండి. నేనొక్కణ్నే చేస్తా" అన్నాడు.

తలుపు మూసుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సంజీవయ్య ఇంటి ముందు లూదియా చేసినట్టే నా చేతులు నా చెవుల మీదికి వెళ్లాయి. మళ్లీ తీసేశాను. వినాలి, ఆమె కోసం ఒకరైనా వినాలి అనిపించింది. లోపల నీళ్ల చప్పుడు వినిపించింది. మంచం కిర్రుమంది. తరవాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

తలుపు తెరుచుకుంది. లూదియా మంచం మీద ఒక పక్కకు, ఎప్పుడూ పడుకున్నట్టే పడుకుని ఉంది. తల స్నానం చేయించాడు. జుట్టు దువ్వి జడ వేశాడు, వంకర టింకరగా. పెండ్లి చీర కప్పాడు.

జయరాజు లోపలికి తొంగిచూసి, "ఏం మోషే, సాపు చేయలేదే?" అన్నాడు.

"చేయలేన్నా. పట్టుకున్నా. కాళ్లు పట్టుకున్నా. దీన్ని ఒకపారి నేనే వంచితి. మళ్ల నేనే ఇరవలేను."

"మరి గుంతలో ఎట్ల పడతాది?"

"మనిషిని ఎందుకు వంచల్ల? గుంతను వంచుతా" అని గడ్డపార అందుకున్నాడు.

సమాధుల దొడ్డిలో అందరూ చూస్తుండగా అతను గీత గీశాడు. పొడుగ్గా కాదు, గుండ్రంగా. గడ్డపార దింపుతుంటే అతని మెడ కూడా బిగుసుకుపోయి ఉందని నాకు మొదటిసారి కనిపించింది. ఎవరో సాయం వెళ్లబోతే వద్దన్నాడు. తడిసిన మన్ను తొందరగానే తెగింది. అంచులు నున్నగా చెక్కాడు, అడుగు చదును చేశాడు, చుట్టూ గోడ సరిచూసుకున్నాడు. గుంత అలా తవ్వరు. బావి అలా తవ్వుతారు. అది అక్కడున్న అందరికీ అర్థమయింది.

మోషే తనే లోపలికి దిగి, చాపలో చుట్టిన ఆమెను రెండు చేతులా అందుకుని, తూర్పుకు ముఖంపెట్టి పడుకోబెట్టాడు. ఆమె అందులో సరిగ్గా ఇమిడిపోయింది. ఎక్కడా ఒత్తుకోలేదు, ఎక్కడా ఖాళీ మిగల్లేదు. జయరాజు పుస్తకం పట్టుకుని తటపటాయించాడు.

"మీరు చదవకపోతే నేను చదువుతాను" అన్నాను.

ఆయన చదివాడు. చదువుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

1960లో నాకు నంద్యాలకు బదిలీ అయింది. బయలుదేరే ముందురోజు మోషే ఇంటికి చెప్పిరావడానికి వెళితే జయరాజు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడటానికి మెడ తిప్పలేదు, మనిషంతా తిరిగాడు. ఆయన పక్కన ఆరేళ్ల మనవరాలు ఓబులమ్మ, ముందరి పాలపండ్లు ఊడిపోయి, బోసినోటితో ఆడుకుంటోంది.

"మోషే" అన్నాడు జయరాజు, కిందికి చూస్తూ. "నాకు గూడా గుండ్రంగానే తవ్వుతావా?"

మోషే ఆ పిల్ల వైపు చూశాడు.

"నీకు తవ్వుతాలే అన్నా. దానికోసరం మాత్రం ఆ పని నాకు పెట్టొద్దు. రేప్పొద్దున నీ కోడలికి కడవ ఇచ్చి నాయెంట పంపు."

మరునాడు పొద్దున నా పెట్టె బండిలో పెట్టించుకుని కాలువ గట్టు మీదుగా వెళుతున్నాను. ముందు కావడితో మోషే నడుస్తున్నాడు, నిదానంగా. వెనక జయరాజు కోడలు, ఆమె వెనక పేట ఆడవాళ్లు ఇంకొందరు. అందరికంటే చివర ఓబులమ్మ, చేతిలో చిన్న చెంబు పట్టుకుని పరిగెత్తుతోంది.